బెల్టుకు స్పానిష్‌లో ఎన్ని చుట్లో!

ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకుంటున్నారా? ఒక్క మాట వెనకాల ఎంత ఉంటుందో చూడండి

పిడుగురాళ్లలో బెల్టు అంటే ఒక్క వస్తువేనా? ప్యాంటుకు పెట్టుకునేది బెల్టే. క్రషర్ దగ్గర రాయిని పైకి మోసుకెళ్లేదీ బెల్టే. కారెక్కగానే పెట్టుకోవాల్సిందీ, ఇంజన్లో తెగితే బండి అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఆగిపోయేదీ బెల్టే. కరాటే క్లాసుకు వెళ్లే పిల్లాడు గెలిచి ఇంటికి తెచ్చుకునేదీ అదే. పత్తి, మిర్చి పండే నేలను కూడా బెల్టనే అంటున్నాం. ఇక ఊరి చివర చాటుగా మందు అమ్మే కొట్టు సంగతి చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్ నుంచి వచ్చిన ఈ ఒక్క మాటతో మనం అన్ని పనులూ కానిచ్చేస్తున్నాం. స్పానిష్ వాళ్లు అలా కాదు. ఒక్కో పనికి ఒక్కో మాట వాడతారు. పైగా దేశం మారితే మాట మారుతుంది. డిగ్రీ, బీటెక్ చేస్తూ పక్కన స్పానిష్ మొదలుపెట్టే విద్యార్థులు సాధారణంగా పదాల పట్టిక బట్టీ పడతారు. బెల్టు అంటే ఇది, చొక్కా అంటే ఇది, చెప్పులంటే ఇది. పట్టిక వరకు ఫోన్‌లో ఉన్న అనువాద యాప్ మీకన్నా బాగా చెబుతుంది. కంపెనీ జీతం ఇచ్చి మనిషిని పెట్టుకునేది యాప్ తడబడే చోట కోసం. ఆ చోటు ఎలా ఉంటుందో ఈ బెల్టుతోనే చూద్దాం.

నడుములోంచి వచ్చిన మాట

నడుముకు పెట్టుకునే బెల్టుకు అన్ని దేశాల్లో అర్థమయ్యే మాట ‘సింతురోన్’. నడుమును ‘సింతూరా’ అంటారు. లాటిన్‌లో ‘చుట్టూ కట్టు’ అనే క్రియ నుంచి వచ్చిందది. దానికి ‘ఓన్’ చేరిస్తే సింతురోన్. ఈ ‘ఓన్’ను గుర్తుపెట్టుకోండి, చాలా చోట్ల పనికొస్తుంది. ‘సీయా’ అంటే కుర్చీ, ‘సియోన్’ అంటే చేతులున్న పెద్ద కుర్చీ. ‘కాఖా’ అంటే పెట్టె, ‘కఖోన్’ అంటే సొరుగు. ఒకటికంటే ఎక్కువ బెల్టులుంటే ‘సింతురోనెస్’. రాసేటప్పుడు ఏకవచనంలో చివరి అచ్చు మీద ఉండే చిన్న గీత బహువచనంలో పోతుంది. రాత పరీక్షల్లో మార్కులు జారిపోయే చోట్లలో ఇదొకటి.

పలకడంలో మీకొక లాభం ఉంది. స్పానిష్ ‘త’ అచ్చంగా మన ‘త’. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని ‘ట’ చేసి నానా తంటాలు పడతారు. మీరు తాత, అత్త అన్నట్టే అంటే చాలు. స్పెయిన్‌లో ఎక్కువ భాగం మొదటి అక్షరాన్ని ‘థ’కు దగ్గరగా, నాలుక పళ్ల మధ్య పెట్టి ‘థింతురోన్’ అంటారు. లాటిన్ అమెరికా అంతా ‘స’. రెండూ సరైనవే. కానీ ఒకే వాక్యంలో కాసేపు అదీ కాసేపు ఇదీ కలపకండి.

బెల్టు బకిల్‌ను ‘ఎబీయా’ అంటారు. రాతలో ముందు ‘హ’కు వాడే అక్షరం ఉంటుంది, నోటికి రాదు. ప్యాంటుకుండే బెల్టు లూపు ‘త్రబీయా’. బట్టల ఆన్‌లైన్ అమ్మకాల్లో సరుకు వివరాలు రాసే పని దొరికితే ఈ రెండూ మొదటి వారంలోనే ఎదురవుతాయి.

కారులో, విమానంలో పెట్టుకునేది ‘సింతురోన్ దె సెగురిదాద్’. సెగురిదాద్ అంటే భద్రత. కరాటే బ్లాక్ బెల్టు ‘సింతురోన్ నెగ్రో’. ఊరి చుట్టూ చెట్లు పెంచి ఉంచే గ్రీన్ బెల్టు ‘సింతురోన్ వెర్దె’. నగరం చుట్టూ ఉండే ఫ్యాక్టరీల వలయం ‘సింతురోన్ ఇందుస్త్రియాల్’. మాడ్రిడ్ చుట్టూ వామపక్షాలకు ఓటేసే పట్టణాలకు ‘ఎర్ర బెల్టు’ అనే పేరు చాలాకాలం నడిచింది. అది కూడా సింతురోనే. ఇంతవరకు ఇంగ్లిష్ దారిలోనే పోతోంది కాబట్టి ఇబ్బంది లేదు. చిక్కు ఇక్కడి నుంచే.

కొర్రేయా అనండి, కొరేయా కాదు

కొలంబియా, పెరూ, వెనెజువెలాల్లో నడుము బెల్టును ఎక్కువమంది ‘కొర్రేయా’ అంటారు. స్పెయిన్‌లో అదే మాటకు తోలు పట్టీ అని అర్థం. చేతి గడియారం పట్టీ కొర్రేయా. కుక్కను పట్టుకుని నడిపించే తాడు కొర్రేయా. కారు ఇంజన్లో టైమింగ్ బెల్టు ‘కొర్రేయా దె దిస్త్రిబుసియోన్’.

ఇప్పుడు కస్టమర్ సపోర్టులో కూర్చున్నారనుకోండి. ఒక మెసేజ్ వచ్చింది: ‘సె రొంపియో లా కొర్రేయా’. అంటే బెల్టు తెగింది. ఏ బెల్టు? కొన్నది వాచీయా, కుక్కకు కట్టేదా, ప్యాంటుదా? రాసినవాళ్లు బొగోటా నుంచా, బార్సిలోనా నుంచా? ఆర్డరు తెరిచి చూసి, అవసరమైతే ఒక్క ప్రశ్న వేసి అప్పుడు జవాబు రాసేవాళ్లు కావాలి. అలా చూడకుండా వాచీ పట్టీ అడిగినవాళ్లకు ప్యాంటు బెల్టు పంపితే సరుకు వెనక్కి వస్తుంది, ఫిర్యాదు మీ పేరు మీద పడుతుంది.

ఈ మాటలో ‘ర్ర’ను నొక్కి పలకాలి. ఒక్క ‘ర’తో ‘కొరేయా’ అంటే అర్థం కొరియా దేశం! ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినవాళ్లకు టీచర్లు వారాల తరబడి నేర్పే తేడా ఇది. మనకు కర, కర్ర వేరని పుట్టుకతోనే తెలుసు. అలాగే ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క.

కొర్రేయా ఇంటి పేరు కూడా. 2007 నుంచి 2017 వరకు ఈక్వెడార్ అధ్యక్షుడిగా ఉన్న రఫాయెల్ కొర్రేయా 2006 ఎన్నికల్లో తన ఇంటి పేరునే ప్రచారానికి వాడుకున్నారు. సభల్లో బెల్టు ఎత్తి ఊపేవారు. పాత నాయకులకు బెల్టు దెబ్బలు పడతాయన్నది అందులోని చమత్కారం. బెల్టు దెబ్బను ‘కొర్రెయాసో’ అంటారు. నాన్న బెల్టు తీస్తే ఏమవుతుందో అక్కడి పిల్లలకూ తెలుసన్నమాట. ఇలాంటిది ఏ యాప్‌కైనా పేరులాగే కనిపిస్తుంది, అందులోని ఎత్తిపొడుపు కనిపించదు.

మెక్సికో, అర్జెంటీనా లాంటి చోట్ల ‘సింతో’ కూడా వినిపిస్తుంది. గ్వాటెమాలాలో ‘సించో’. కోస్టారికాలో ‘ఫాఖా’. ఇదే ఫాఖా స్పెయిన్‌లో నడుముకు చుట్టుకునే వెడల్పాటి గుడ్డ. మన పల్నాటి వీరుల బొమ్మల్లో నడుముకు బిగించి కనిపించే దట్టీ ఉంది చూశారా, దాన్ని ఒక స్పెయిన్ అతిథికి చూపించాల్సివస్తే ఫాఖా అనండి, సరిగ్గా కుదురుతుంది. సింతురోన్ అంటే బకిల్ ఉన్న తోలు బెల్టు కళ్ల ముందుకొస్తుంది. వడ్డాణానికి మాత్రం వాళ్ల దగ్గర మాట లేదు. ‘బంగారు సింతురోన్’ అని ఊరుకోకుండా, పెళ్లిలో ఆడవాళ్లు చీర మీద పెట్టుకునే నగ అని ఒక ముక్క కలపాల్సిందే.

రాయి మోసే బెల్టు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరు. మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. మన దగ్గర మెకానికల్, మైనింగ్ డిప్లొమా చేసినవాళ్లకు కన్వేయర్ బెల్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దాని స్పానిష్ పేరు మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో ‘సింతా త్రాన్స్‌పోర్తదోరా’. సింతా అంటే రిబ్బను. మెక్సికోలో ‘బాందా’. చిలీలో ‘కొర్రేయా’. పెరూలో ‘ఫాఖా’. వెనకాల త్రాన్స్‌పోర్తదోరా అన్నది అన్నిటికీ ఒకటే.

చిలీ, పెరూ రెండూ రాగి గనుల దేశాలు. అక్కడి గనుల యంత్రాల మాన్యువల్ చేతికొస్తే ‘కొర్రేయా’ చూసి ప్యాంటు బెల్టు అనుకునేవాళ్లు ఎవరూ ఉండరు గానీ, ఫాఖా చూసి నడికట్టు అనుకునే ప్రమాదం మాత్రం ఉంది. సాంకేతిక అనువాదంలో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ పత్రం ఏ దేశానికి?

స్పానిష్ చరిత్రలో పేరున్న ఒక కన్వేయర్ ఉంది. ఆఫ్రికాలోని పశ్చిమ సహారా స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు, 1970ల మొదట్లో, బు క్రా ఫాస్ఫేట్ గనుల నుంచి అట్లాంటిక్ తీరం దాకా ఎడారి మీదుగా దాదాపు 98 కిలోమీటర్ల బెల్టు వేశారు. ప్రపంచంలోనే పొడవైన కన్వేయర్‌గా దాన్ని చెబుతారు. స్పెయిన్ పత్రికలకు అది సింతా. మన వైపు చూస్తే, మేఘాలయ గనుల నుంచి సున్నపురాయిని సరిహద్దు దాటించి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ సిమెంటు ఫ్యాక్టరీకి చేరవేసే 17 కిలోమీటర్ల బెల్టు ఉంది. సున్నపురాయి ఊరి పిల్లలు తెలుసుకోదగిన సంగతే.

సింతాకు ఇంకా చాలా పనులున్నాయి. కొలత టేపు, అంటించే టేపు, జిమ్‌లో పరుగెత్తే ట్రెడ్‌మిల్, చివరికి సినిమా కూడా సింతానే. ఒకప్పుడు రీలు చుట్టే కదా.

నడుం బిగించారో, ఖర్చు తగ్గించారో!

బెల్టు వ్యాసంలో అసలు గట్టిగా ఆగాల్సిన చోటు ఇది.

‘తాగునీటి సమస్యపై అధికారులు నడుం బిగించారు’ అని మన పత్రికల్లో ఎన్నోసార్లు చదివి ఉంటారు. పూనుకున్నారు, పనిలోకి దిగారు అని భావం. దాన్ని మాటకు మాట స్పానిష్‌లో పెడితే ‘అప్రెతార్సె ఎల్ సింతురోన్’కు దగ్గరగా వెళ్తుంది. అంటే బెల్టు బిగించుకోవడం. కానీ స్పానిష్ పాఠకుడికి దాని అర్థం ఖర్చులు తగ్గించుకోవడం, ఉన్నదాంతో సర్దుకోవడం. తిండి తగ్గి నడుము సన్నబడితే బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పోతుంది కదా, అక్కడి నుంచి పుట్టింది. 2008 తర్వాత స్పెయిన్ ఆర్థిక సంక్షోభంలో పడ్డప్పుడు రోజూ వినపడ్డ మాట ఇది. అంటే తాగునీటి కోసం పూనుకున్నారని మీరు రాస్తే, నీటి పథకానికి డబ్బులు కోసేశారని వాళ్లు చదువుతారు. వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ ఉండదు. అర్థం మాత్రం తలకిందులు.

నడుం బిగించడానికి వాళ్లు వాడేది ‘అర్రెమంగార్సె’, చొక్కా చేతులు పైకి మడుచుకోవడం. లేదా ‘పొనేర్సె మానోస్ ఆ లా ఓబ్రా’, పనిలో చేతులు పెట్టడం. మనకు నడుములో ఉన్న పూనిక వాళ్లకు చేతుల్లో ఉంది.

మరి వాళ్ల బెల్టు బిగింపుకు తెలుగేమిటి? పొదుపు, వ్యయ నియంత్రణ అని నిఘంటువు చెబుతుంది. అది ఆఫీసు భాష. ఇంట్లో మాట ఇంకోటుంది: కడుపు కట్టుకోవడం. ‘కడుపు కట్టుకుని చదివించాం’ అని అమ్మానాన్న అంటారే, సరిగ్గా అదే. వాళ్లు బెల్టుతో చెప్పినదాన్ని మనం కడుపుతోనే నేరుగా చెబుతాం. మిర్చి ధర పడిపోయిన ఏడాది కూడా కాలేజీ ఫీజు ఆగని ఇళ్లలో ఈ మాటకు వివరణ అవసరం లేదు. ఇలాంటి జోడీ ఒకటి దొరికిందంటే దాన్ని నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఏ పదాల పట్టికా ఇవ్వనిది అది.

వెనక్కి కూడా చూడండి. ఇంగ్లిష్‌లో అన్యాయపు దెబ్బను బెల్టు కింద కొట్టడం అంటారు. బాక్సింగ్ మాట. స్పానిష్‌లో అది ‘గోల్పె బాఖో’, కింది దెబ్బ. అందులో బెల్టు ఊసే లేదు. ‘తెనేర్ కొర్రేయా’, అంటే కొర్రేయా ఉండటం, అన్నదానికి తోలుతో పనేమీ లేదు. ఎవరెంత ఆటపట్టించినా మొహం మాడ్చుకోకుండా తట్టుకోగలగడం అని అర్థం. రాత్రి షిఫ్టులో కోపంగా ఉన్న కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఈ మాట వాడి చూడండి, ఎదుటివాళ్లు నవ్వుతారు.

కొట్టు పేరు, నేల పేరు

బెల్టు షాపును స్పానిష్‌లో చెప్పాలంటే? యాప్ ‘తియెందా దె సింతురోనెస్’ అనేయగలదు. అది నిజంగా బెల్టులమ్మే దుకాణం. గ్రామీణ మహిళల మద్యపాన వ్యతిరేక పోరాటం మీద ఒక నివేదికను అనువదిస్తున్నారనుకోండి. ఊరి ఆడవాళ్లంతా కలిసి తోలు బెల్టుల కొట్టు మూయించారని చదివితే మాడ్రిడ్‌లో కూర్చున్నవాళ్లకు ఏమర్థమవుతుంది? ‘వెంతా క్లాందెస్తీనా దె లికోర్’, దొంగచాటు మద్యం అమ్మకం అని విప్పి రాయాలి. ఇలాంటివి తెలిసేది ఊళ్లో పుట్టిన మీకే. మాడ్రిడ్‌లో చదివిన అనువాదకుడికి తెలియవు.

నేల విషయానికొస్తే, అమెరికాలోని పత్తి ప్రాంతాన్ని స్పానిష్‌లోనూ సింతురోన్ అనే అంటారు. మన ప్రాంతం గురించి రాసేటప్పుడు ‘సోనా అల్గొదొనేరా’, పత్తి ప్రాంతం అంటే చక్కగా ఉంటుంది. పత్తి ‘అల్గొదోన్’. అరబ్బీ నుంచి వచ్చింది. ఇంగ్లిష్ కాటన్‌కూ మూలం ఆ అరబ్బీ మాటే. సన్నగా పొడవుగా ఉండే నేలను ఫాఖా లేదా ‘ఫ్రాంఖా’ అంటారు. వెనెజువెలాలోని ఒరినోకో చమురు ప్రాంతం ఫాఖా. గాజా స్ట్రిప్ ఫ్రాంఖా. చైనా 2013లో మొదలుపెట్టిన బెల్ట్ అండ్ రోడ్‌ను స్పానిష్ పత్రికలు ‘లా ఫ్రాంఖా ఇ లా రూతా’ అని రాస్తాయి. ఇంగ్లిష్‌లో బెల్టు ఉంది కదా అని సింతురోన్ పెట్టేస్తే వార్తలు చదవని అభ్యర్థి అని తెలిసిపోతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్ డిగ్రీ, పీజీ ఉన్నాయి, పార్ట్‌టైమ్ కోర్సులూ నడుస్తాయి. ఢిల్లీలో జేఎన్‌యూ. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ కేంద్రం ఢిల్లీలోనే ఉంది. ఆ సంస్థ నిర్వహించే పరీక్ష ‘డెలె’. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయులు. ఒకసారి పాసైతే ఆ ధ్రువపత్రానికి గడువు ఉండదు. మన రాష్ట్రంలో స్పానిష్‌తో చాలా దగ్గరి బంధం ఉన్న చోటు అనంతపురం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ గ్రామీణ పట్టభద్రులకు విదేశీ భాషలు నేర్పే స్కూలు నడుపుతోంది, అందులో స్పానిష్ ఒకటి. పిల్లల చదువుకు సాయం చేసే స్పెయిన్ దాతలు ఊళ్లకు వచ్చినప్పుడు మధ్యలో నిలబడి మాట్లాడేది అక్కడి యువతే. కరువు సీమలో జరిగింది పల్నాడులో జరగకూడదనేం లేదు.

ఫీజు కట్టేముందు ఒక్కమాట. మూడు నెలల్లో ఏ1 చేయించి లక్షల జీతం అనే ప్రకటనలు గోడల మీదా ఫోన్లలోనూ కనిపిస్తాయి. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకుని కాఫీ అడగగలిగే స్థాయి. భాషతో నడిచే ఉద్యోగాలకు మామూలుగా అడిగేది బీ2, కొన్నిటికి సీ1. చదువుకుంటూ సాయంత్రాలు కేటాయిస్తే దానికి ఏళ్లు పడుతుంది, నెలలు కాదు. కడుపు కట్టుకుని ఇచ్చిన డబ్బుతో చేరుతున్నారు కాబట్టి ముందు ఉచితంగా దొరికేదంతా వాడి చూడండి. భాష మీకు పడుతుందో లేదో ఆరు నెలల్లో తెలిసిపోతుంది. 1713లో మొదలైన రియల్ అకాదేమియా ఎస్పాన్యోలా తన నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. లాటిన్ అమెరికా మాటలకు వేరే నిఘంటువు కూడా ఉంది. రోజుకో వస్తువు తీసుకోండి. దాని పేరు, ఏ దేశంలో ఏమంటారు, ఆ మాటతో వచ్చే సామెతలేమిటి, వాటికి మీ ఇంట్లో వాడే తెలుగేమిటి అని నాలుగు గళ్లు గీసి నింపండి. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. రెండో గడి ఎప్పటికీ ఖాళీగా ఉండదు.

రేపటికి ‘బోల్సా’ తీసుకోండి. బోల్సా అంటే సంచి. ‘బోల్సో’ అంటే స్పెయిన్‌లో ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు, ‘బొల్సీయో’ అంటే జేబు. స్టాక్ ఎక్స్చేంజీని కూడా బోల్సా అనే అంటారు. స్పానిష్ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో విద్యార్థులకు ఖాళీలు చూపించే పేజీ పేరు ‘బోల్సా దె త్రబాఖో’. త్రబాఖో అంటే ఉద్యోగం.